నాన్న కాళ్ళు, నా బూట్లు

మా ఇంట్లో కాళ్ళకు తొడిగేవన్నీ నాన్నే కొనుక్కొస్తాడు. చీరలు అమ్మ ఇష్టం, కూరగాయలు అమ్మ ఇష్టం, చెప్పులు మాత్రం నాన్న సొంత శాఖ. అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. దానికి ఆయనకొక పద్ధతి ఉంది. మనల్ని మంచం మీద కూర్చోబెట్టి, కాలు తన మోకాలి మీద పెట్టుకుని, కొబ్బరి చీపురులోంచి ఒక పుల్ల లాగుతాడు. మడమ నుంచి బొటనవేలి కొస దాకా ఆనించి టక్కున విరుస్తాడు. ఆ పుల్లను చొక్కా జేబులో వేసుకుని బజారుకు పోతాడు. దుకాణంలో చెప్పు మీద ఆ పుల్ల పెట్టి చూస్తాడు. పుల్ల పట్టి, ఇంకో వేలెడు చోటు మిగిలితే బేరం మొదలు. మనిషి పోనక్కర్లేదు, కాలు పోనక్కర్లేదు, పుల్ల పోతే చాలు.

అక్క పెళ్ళి చెప్పులూ అట్లాగే వచ్చాయి. విడిది ఇంటి నుంచి మండపం దాకా అక్క తల వంచుకుని మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. పిల్లకు ఎంత సిగ్గో అని అత్తగారి వైపు వాళ్ళు మురిసిపోయారు. సిగ్గు కాదు, చిటికెన వేలు. ఆ సంగతి నాకూ అక్కకూ తప్ప ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. నిడమనూరు నుంచీ హాలియా నుంచీ వచ్చే ధాన్యం ట్రాక్టర్లను తూచడం ఆయన పని. తూచేవాడు కాబట్టి కొలతంటే ఆయనకు దేవుడితో సమానం. కొలిచిన తర్వాత మళ్ళీ మాట్లాడేదేముంది అంటాడు. పుల్లకు పొడవే తప్ప వెడల్పు ఉండదని ఆయనకు చెప్పిన మొగాడు లేడు. నేనే చెప్పాల్సొచ్చింది.

నేను అదే ఊళ్ళో ఒక బట్టల దుకాణంలో బిల్లింగు కౌంటరు దగ్గర నిలబడేదాన్ని. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా నిలబడ్డమే. చీరల మీద నాకు కోపం లేదు, కొనేవాళ్ళ మీద ఉంది. అందుకే పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. మొదటిసారి పెట్టినప్పుడు పరుగులో పోయింది. ఇది రెండోసారి. రాతపరీక్షలకు నేను భయపడను, నా గండమంతా పరుగే. సూర్యాపేటలో, ఆడపిల్లలకు ఎనిమిది వందల మీటర్లు, వాళ్ళు పెట్టిన టైములోపు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇక ఆ ఉద్యోగం పేరు కూడా ఎత్తడానికి లేదు. బతుకంతా ఆ కౌంటరు దగ్గరే నిలబడాలి.

పరుగుకు నెలా పదిహేను రోజులున్నాయనగా నా పాత కాన్వాసు బూట్ల అడుగు ఊడింది. కొత్తవి నేనే కొనుక్కుంటానని ఇంట్లో అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాన్న మొహం మాడ్చుకుని, లేచి చీపురు దగ్గరికి పోయాడు.

మర్నాడు సాయంత్రం గులాబీ రంగు బూట్లు వచ్చాయి. పక్కన వెండి గీతలు, వెనక మడమ దగ్గర మెరిసే పట్టీ. అమ్మ వాటిని చూసి ఎంత ముద్దుగున్నయో అంది. ముద్దుగానే ఉన్నాయి. తొడుక్కుంటే ముందు వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి, వెనక మడమ మాత్రం గాలిలో ఊగింది. నా పాదం ముందు చేటంత వెడల్పు, వెనక సన్నం. అచ్చం నాన్న పాదమే. త్రిపురారం దగ్గర బురద పొలాల్లో పుట్టి పెరిగిన పాదం ఆయనది. అమ్మ పోలికతో సన్నటి పాదాలన్నీ అక్క పట్టుకుపోయింది. అయినా ఆమెకూ చెప్పులు కరిచాయంటే నాన్న పుల్ల మహిమ ఎంతటిదో చూడండి.

ముందు బిగుతు, వెనక వదులు అని చెప్పాను.

"పెరుగుతది కద బిడ్డా, అందుకే జర పెద్దవి తెచ్చిన" అన్నాడు నాన్న.

"ఇరవయ్యొమ్మిదేండ్ల కాలు ఇంకేడికి పెరుగుతది నాయినా?"

రెండేసి సాక్సులు తొడుక్కొమ్మన్నాడు. వెనక దూది పెట్టమన్నాడు. ముందు బిగుతు సంగతేమిటంటే రాత్రంతా ఆలోచించి, పొద్దున మిల్లు నుంచి సంచిలో వడ్లు తెచ్చాడు. రెండు బూట్లలోనూ ముందు భాగం నిండేలా వడ్లు పోసి, నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కుక్కాడు. తడిసిన వడ్లు ఉబ్బుతాయి, ఉబ్బితే బూటు సాగుతుంది. ఆలోచన చెడ్డదేమీ కాదు. కాకపోతే ఆ వారం మిల్లుకు ధాన్యం ఎగబడి వచ్చింది. ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. నాన్న బూట్లను మర్చిపోయాడు. నేను పాత బూట్లకు అడుగు అంటించుకుని ఈడ్చుకొస్తున్నాను. ఒకరోజు అరుగు మీద ఏదో వాసన వస్తుంటే అమ్మ తడిగుడ్డ తీసి చూసింది. రెండు బూట్లలోనూ తెల్లగా మొలకలు. అమ్మ వాటిని తెచ్చి నాన్న ముందు పెట్టింది. నాట్లెప్పుడు నాయినా అని నేనడిగాను. ఆ పూట నాన్న అన్నం తింటూ నా వైపు చూడనే లేదు.

కడిగి ఎండేసి మళ్ళీ తొడుక్కున్నాను. సాగిందేమీ లేదు. కాలేజీ గ్రౌండులో నాతో పాటు ప్రాక్టీసు చేసే అమ్మాయిలు నా వెనక ఉరుకుతూ వడ్ల వాసనొస్తుందని ముక్కులు మూసుకునేవాళ్ళు. అదీ భరించాను. ఒకనాడు మలుపు దగ్గర మడమ బూట్లోంచి జారి, బోర్లా పడ్డాను. మోకాళ్ళు చీరుకుపోయాయి. సాక్సు తీస్తే బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. అప్పుడు భయం వేసింది. బూట్ల గోల నవ్వులాట అనుకుంటున్నాను గానీ, కాలు పోతే ఉద్యోగం పోతుందని అప్పుడు తెలిసొచ్చింది. గ్రౌండులో కూర్చుని బాగా ఏడ్చాను.

ఆ మోకాళ్ళు చూసి అమ్మ తన దారిన పంతులు దగ్గరికి పోయింది. నేను నా దారిన కోదాడ పోయాను.

కోదాడలో అక్క వాళ్ళుంటారు. బావకు మా ఇంటి బూట్ల కథ విని పొట్ట చెక్కలైంది. మొలకల దగ్గర ఆపి మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. సాయంత్రం దాకా అక్క నన్ను కూర్చోనివ్వలేదు. రోజంతా నిలబడితే సాయంత్రానికి నా పాదాలు ఉబ్బుతాయని కౌంటరు దగ్గర నాకు తెలిసిందే. పరుగులోనూ ఉబ్బుతాయి కదా, ఉబ్బిన కాలుతోనే కొనుక్కో అంది. అందుకని ఆమె ఇంట్లో అంట్లు తోమి, బట్టలుతికి, మేడ మెట్లు కడిగాను. ఇందులో కాళ్ళ కోసం ఎంతో, అక్క పని తప్పించుకోవడం కోసం ఎంతో నేను లెక్క వేయలేదు.

చీకటి పడుతుండగా ముగ్గురం దుకాణానికి పోయాం. ఆడవాళ్ళ వైపు అరల్లో ఉన్నవన్నీ గులాబీ, ఊదా, సన్నగా నాజూగ్గా. ఒక్కొక్కటీ తొడగడం, వేళ్ళు ముడుచుకోవడం, తియ్యడం. చుట్టూ అట్టపెట్టెల గుట్ట లేచింది. దుకాణదారు మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. అప్పుడు ఎదురుగా మగవాళ్ళ అరలో ఒక నల్ల జత కనిపించింది. పక్కన పసుపు గీత, ముందు భాగం నా చేట పాదం పట్టేంత వెడల్పు. అడిగాను.

"అవి జెంట్సువండీ. లేడీసువి ఇటువైపు" అన్నాడు ఆయన, నాకు కళ్ళు కనపడవేమో అన్నట్టు.

కాలికి ఆడా మగా ఏముందని కయ్యం పెట్టుకున్నాను. నా గొంతు రోడ్డు మీదకు వినపడిందని అక్క తర్వాత చెప్పింది. ఆయన జడిసి తీసిచ్చాడు. తొడుక్కున్నాను. వేళ్ళు ఐదూ దేని చోటు దానికి దొరికినట్టు పరుచుకున్నాయి. బొటనవేలి ముందు ఇంకో బొటనవేలు పట్టేంత ఖాళీ. మడమ మాత్రం కదలకుండా కూర్చుంది. అట్లాంటి సుఖం నా కాళ్ళకు అదే మొదటిసారి. కానీ నిలబడితే సరిపోదు, ఉరికి చూడాలి. దుకాణంలో ఎక్కడ ఉరుకుతాను? రోడ్డు మీదకు పోతానంటే ఆయన ఒప్పుకోడు. చివరకు బావ కౌంటరు పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, పిల్ల తిరిగి రాకపోతే నన్నుంచుకోండి అన్నాడు. బావను తాకట్టు పెట్టి నేను కోదాడ బజార్లో ఉరికాను. పండ్ల బండ్ల పక్క నుంచి, ఆటోల మధ్య నుంచి, చివరి దాకా పోయి మళ్ళీ వెనక్కి. జనం నా వెనక ఎవరు తరుముతున్నారోనని చూశారు. కాలు ఎక్కడా జారలేదు, ఎక్కడా ఒరుసుకోలేదు. దమ్ము తీసుకుంటూ దుకాణంలోకొచ్చి ఇవే కావాలన్నాను. బావ కొంచెం నిరాశపడ్డాడు. అప్పటికే ఆయనకు టీ తెప్పించారు.

ఇంటికి తెస్తే నాన్న ఆ నల్ల బూట్ల వైపు ఒక్కసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మ మాత్రం బాగానే మాట్లాడింది. మొగపిల్లల బూట్లు ఆడపిల్లకేమిటంది, నలుపేమిటంది, మీ నాయిన అంత ముద్దుగా తెచ్చినవి మూల పడేస్తవా అంది. నేను వినలేదు. రోజూ పొద్దున ఆ బూట్లతోనే ఉరికాను. మొదట్లో అందరికంటే వెనకుండేదాన్ని, మెల్లగా మధ్యలోకొచ్చాను, తర్వాత ముందు వరసలోకొచ్చాను. నా పరుగు వాళ్ళు పెట్టిన టైములోపలికి దిగింది. నాకు ధైర్యం వచ్చింది.

పరుగు సోమవారం. శనివారం రాత్రి దుకాణం నుంచి వచ్చి, ఆదివారం పొద్దున చివరి ప్రాక్టీసుకు బూట్లు తుడుచుకుందామని అరుగు మీద చూస్తే గులాబీవి ఉన్నాయి, నల్లవి లేవు. అమ్మనడిగాను. అమ్మ మొహం దీపంలా వెలుగుతోంది.

"నీ శని ఒదిలింది బిడ్డా. ఎనక్కి తిరిగి సూడకుంట వచ్చిన."

అప్పుడు చెప్పింది. నేను పడ్డనాడు పంతులు నాకు ఏలినాటి శని నడుస్తున్నదన్నాడట. కాళ్ళకు తొడిగేవి శనివారం నవగ్రహాల గుడి ముందు వదిలేసి, తిరిగి చూడకుండా వస్తే పీడ పోతుందన్నాడట. మా దగ్గర చాలామంది చేసే పనే అది. శనివారం ఆ గుడి బయట గోడవార వదిలేసిన చెప్పులు కుప్ప పడి ఉంటాయి. ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే వాళ్ళ శని మనకు వస్తుందని భయం. నాకు చెబితే కోపగించుకుంటానని అమ్మ నా బదులు తనే సంచిలో వేసుకుని పోయింది. ఏ జత వదలాలా అని ఆమెకు అనుమానమే రాలేదు. నల్లవి. శనికి నలుపే ఇష్టం. పైగా మొగబూట్లు. పైగా గులాబీవి నాన్న తెచ్చినవి.

నన్ను పడేసినవి గులాబీవేనమ్మా అన్నాను. అమ్మ మొహంలో వెలుగు ఆరిపోయింది. తర్వాత నేనేమన్నానో నాకు గుర్తులేదు, గుర్తున్నా రాయను. చెప్పులు కూడా వేసుకోకుండా స్కూటీ తీసి గుడికి పోయాను. కుప్పంతా తిరగేశాను. హవాయి చెప్పులు, తెగిన పట్టీలు, పాపం ఎవరివో పిడికెడంత పసి పాదాల చెప్పులు. నా నల్లవి లేవు. గేటు దగ్గర పూలమ్మే ఆమె సామాను సర్దుకుంటోంది. అడిగితే, మధ్యాహ్నం ఎవరో పెద్దాయన వచ్చి కుప్పలోంచి అవే ఏరుకుని, అక్కడే కూర్చుని తొడుక్కుని పోయాడంది. వద్దని చెప్పినా వినలేదట.

దారి పొడుగునా ఆ మనిషిని తిట్టాను. వాడి కాళ్ళు పడిపోవాలన్నాను. అంత ఇష్టపడి తొడుక్కున్నాడు కదా, ఆ శనేదో ఏడున్నరేళ్ళూ వాడినే పట్టుకుని పీడించాలన్నాను. నాకు శని మీద నమ్మకం లేదు, ఆ ఒక్క రాత్రి మాత్రం మనస్ఫూర్తిగా నమ్మాను. కోదాడ దుకాణంలో ఆ సైజు అదొక్కటే ఉండిందని కొన్నరోజే చెప్పారు. గులాబీవాటితో ఉరికితే మలుపు దగ్గర ఏమవుతుందో నాకు తెలుసు. ఇంటి ముందు బండి ఆపి, దిగబుద్ధి కాక, దాని మీదే కూర్చుండిపోయాను.

అప్పుడు వీధి చివర నుంచి నాన్న వచ్చాడు. మోకాళ్ళ పైకి మడిచి కట్టిన తెల్ల పంచె, కింద నల్ల బూట్లు, పసుపు గీత. మామూలు నడక కాదు, కవాతు చేస్తున్నట్టు బలంగా అడుగులేస్తున్నాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు అమ్మ సంతోషంగా చెప్పిందట, నేను ఇంట్లో లేనప్పుడు. ఆయన తినకుండానే లేచిపోయాడట. ఎక్కడికని అమ్మ అడిగితే చెప్పలేదట.

మా ఇంట్లో శనికి అందరికంటే ఎక్కువ భయపడేది నాన్న. శనివారం గోళ్ళు తీసుకోడు, నూనె కొనడు, ఆ గుడి ముందు నుంచి పోవాల్సొస్తే రోడ్డు అవతలి పక్కన నడుస్తాడు. ఆ మనిషి ఆ కుప్పలో చెయ్యి పెట్టాడు.

అరుగు మీద కూర్చుని మెల్లగా లేసులు విప్పాడు. అమ్మ గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకుంటోంది. ఇంటికే తెచ్చుకున్నవా అని ఏడుస్తోంది.

"ముందు ఏసుకున్నోన్నే పట్టుకుంటదది" అన్నాడు నాన్న, ధాన్యం తూకం చెప్పినంత స్థిరంగా. "అందుకే సక్కగ ఇంటికి రాలే. మిల్లులన్నీ తిరిగొచ్చిన. ఈ పాటికి నాకు పట్టే ఉంటది. ఇగ నీకేం గాదు, తొడుక్కో."

ఇది ఏ పంతులు చెప్పాడని అడుగుదామనుకున్నాను. ఏ పంతులూ చెప్పలేదని తెలుస్తూనే ఉంది. బూట్లు నా ముందు పెట్టి, కాసేపు తన పాదాలు చూసుకున్నాడు. మంచిగున్నయి, ఏడా కరవలే అన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చిన క్షమాపణ అంతే, పైకి మాత్రం అది బూట్ల గురించి. నేను దారి పొడుగునా పెట్టిన శాపనార్థాలన్నీ గుర్తొచ్చి, లోపలికి పోయి మొహం కడుక్కున్నాను.

సోమవారం సూర్యాపేటకు నన్ను తీసుకుపోవాల్సింది నాన్నే. మర్నాడు మిల్లులో పని ఉందని ఆదివారం రాత్రి అన్నాడు. అక్కా బావా కోదాడ నుంచి నేరుగా గ్రౌండుకు వస్తారు, నువ్వు బస్సెక్కు అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. మొదటిసారి ఓడినప్పుడు గేటు బయట నిలబడ్డది ఆయనే. ఇప్పుడు ధాన్యం ఎక్కువైందా అనుకున్నాను. పొద్దున బయల్దేరేటప్పుడు నేను గుమ్మం దాటేదాకా ఆయన పెరట్లోంచి ఇవతలికి రాలేదు.

పరుగు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఈల వేశారు, ఉరికాను. మొదటి మలుపు దగ్గర పక్కనున్న అమ్మాయి మోచెయ్యి తగిలింది, తిట్టడానికి దమ్ము లేక ఊరుకున్నాను. రెండో చుట్టులో గుండెలు మండాయి. కాళ్ళ గురించి మాత్రం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గీత దాటి పడిపోయాను. లేపి, టైము చూసి, అర్హత అని రాసుకుని ఇటు నిలబడమన్నారు. ఆ మాట ఇంకోసారి చెప్పమని అడిగితే ఆ మేడం విసుక్కుంది.

బయటికొస్తే గేటు దగ్గర అక్క నా మీద పడి ఏడ్చింది. బావ అదే పనిగా ఈల వేస్తున్నాడు. వాళ్ళ భుజాల మీదుగా చూస్తే రోడ్డుకు అవతల, మిర్చి బజ్జీల బండి ముందు, తెల్ల పంచె. వేరే బస్సులో వచ్చాడు. మేము చూడకుండా పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డాడు. నేను చెయ్యి ఊపి అటు కదలగానే ఆయన రెండు చేతులూ ఎత్తి ఆపాడు.

"ఆడనే ఉండు బిడ్డా, దగ్గరికి రాకు. అయిందా లేదా, గది చెప్పు."

"అయింది నాయినా" అని అరిచాను.

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అయినా రోడ్డు మాత్రం దాటలేదు. పరుగు అయిపోయింది, నేను గెలిచాను, ఇంకా ఆయనకు భయమే. రేపటి పరీక్షకో, వచ్చే ఉద్యోగానికో, ఎక్కడ తనకు పట్టిన శని నాకు అంటుకుంటుందోనని. మధ్యలో ఒక లారీ పోయింది, ఆటోలు పోయాయి. నేనే దాటాను. నేను వస్తుంటే ఆయన వెనక్కి వెనక్కి జరిగాడు. బజ్జీల బండి వీపుకు తగిలింది, ఇక పోవడానికి చోటు లేదు. గట్టిగా పట్టుకున్నాను.

"జర అవతలికి జరుగు బిడ్డా, నీకు అంటుకుంటది" అంటూనే ఉన్నాడు. నా వీపు మీద వేసిన చేతులు మాత్రం తియ్యలేదు.